కాడ అడుగున మట్టి: పాకాల పక్క మామిడితోటలో ఒక పుట్టగొడుగుల కేసు

అక్టోబరు ఆఖరి ఆదివారం, సాయంత్రం 5 గంటలు. ఫోన్ చేసింది ఒకప్పుడు నా దగ్గర డిగ్రీలో బాటనీ చదివిన కుర్రాడు. వాళ్ల ఊరు పాకాల దాటి ఇంకా లోపలికి పోవాలి.

"మేడమ్, మా చిన్నాయన, చిన్నమ్మ పుట్టగొడుగుల కూర తిన్నారు. మధ్యాన్నం నించీ ఒకటే వాంతులు, విరేచనాలు. తిరపతికి తెచ్చి ఆస్పత్రిలో చేర్పించినాము. అవి ఏం గొడుగులని డాక్టరు అడగతా ఉండాడు. మీరు చూసినవే మేడమ్. పోయిన వారం ఫొటో పంపినా గదా."

గుండె గుభేలుమంది. ఫోన్ పెట్టెయ్యకుండానే వాట్సాప్‌లో వెనక్కి వెళ్లి చూశాను. కూలిన మామిడి మాను, దాని మీద గుత్తులుగుత్తులుగా తెల్లటి గొడుగులు. అన్నీ పైనుంచి తీసిన ఫొటోలే. కింద నా జవాబు: "ఆయిస్టర్ రకానికి దగ్గరగా ఉంది. లేతగా ఉన్నప్పుడు తింటారు." పక్కన ఒక నవ్వు బొమ్మ. ఎవరిదో పెళ్లిలో, భోజనాల పంక్తిలో కూర్చుని కొట్టిన మెసేజ్ అది.

ఈ కేసులో మైక్రోస్కోప్ కింద ఏ పొరపాటూ జరగలేదు. జరిగిందంతా ఆ రెండు వాక్యాల్లోనే. అందుకే రాస్తున్నాను.

ముందు గడియారం

పుట్టగొడుగు తిని ఎవరికైనా బాగాలేదంటే నేను అడిగే మొదటి ప్రశ్న దాని రంగు గురించి కాదు. ఎన్నింటికి తిన్నారు, మొదటి వాంతి ఎన్నింటికి అయింది అని. ఇక్కడ భోజనం ఒంటిగంటకి. చిన్నమ్మకి మొదటి వాంతి మూడుకి కొంచెం ముందు. చిన్నాయనకి ఇంకో అరగంట తర్వాత. అంటే సుమారు రెండు గంటలు.

ఇది కాస్త ఊపిరి తీసుకోనిచ్చే లెక్క. మనిషిని చంపే పుట్టగొడుగుల్లో ఎక్కువ భాగం అమటాక్సిన్ అనే విషం ఉన్నవి. అది తిన్న వెంటనే ఏమీ చెయ్యదు. ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటాక వాంతులూ విరేచనాలూ మొదలవుతాయి. తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. లోపల కాలేయం అప్పటికే చెడుతూ ఉంటుంది, మూడో రోజుకో నాలుగో రోజుకో అది బయటపడుతుంది. ఉడికించినా, ఎండబెట్టినా, ఆ నీళ్లు పారబోసినా ఆ విషం పోదు. రెండు గంటల్లో వాంతయిందంటే మామూలుగా అది పేగుల్ని మాత్రమే తిప్పేసే రకం.

డ్యూటీలో ఉన్న డాక్టరుతో కుర్రాడు మాట్లాడించాడు. చిన్న వయసు, ఓపిగ్గా విన్నారు. "రెండు గంటలే కాబట్టి కడుపుకి సంబంధించిన రకమే కదా మేడమ్?" అన్నారు.

"ఒకే రకం తినుంటే అంతే. రెండు మూడు రకాలు కలిపి వండుంటే, ముందొచ్చిన వాంతి వెనకొచ్చేదాన్ని కప్పేస్తుంది" అన్నాను. ఆయనకి వెంటనే అర్థమైంది. సెలైన్ ఎలాగూ ఎక్కుతోంది, కాలేయం పరీక్షలకి రక్తం పంపిస్తానన్నారు.

కుర్రాడికి రెండు పనులు చెప్పాను. మిగిలిన కూర స్టీలు డబ్బాలో పెట్టించు. కోసేటప్పుడు పారేసిన చెత్త ఎక్కడుందో వెతికించి పేపర్లో చుట్టి తెప్పించు. ప్లాస్టిక్ కవర్లో వద్దు, అందులో చెమ్మ పట్టి గంటలో గుజ్జయిపోతుంది. వాళ్ల తమ్ముడు దిబ్బ మీద నుంచి ఏరుకుని, బైకు మీద ఏడున్నరకల్లా మా ఇంటికి తెచ్చాడు.

దిబ్బ మీద దొరికినవి

మన వంటిళ్లలో పుట్టగొడుగు బాగు చేసే పద్ధతి గమనించారా? కాడ అడుగు తీసేస్తాం, మట్టి ఉంటుందని. కాడ మీద వేలాడే పొరలేమైనా ఉంటే గిల్లేస్తాం. పురుగు పట్టిన గొడుగు పారేస్తాం. చట్టిలోకి పోయేది తెల్లటి, మెత్తటి, ఏ గుర్తూ లేని ముక్క. గుర్తులన్నీ చెత్తలోకి పోతాయి. నాకు కూర కన్నా దిబ్బ ముఖ్యం.

భోజనాల బల్ల మీద పేపరు పరిచి ఒక్కో ముక్కా పేర్చాను. మొత్తం 31. పేర్చుతుండగానే రెండు గుంపులయ్యాయి.

27 ముక్కలు పొట్టి కాడలు. చిటికెనవేలంత లావు, అంతకన్నా సన్నం. తోలులా సాగుతున్నాయి, మెలితిప్పినా తెగడం లేదు. పైన బూడిద గోధుమ రంగు పొలుసులు, అడుగుకి వచ్చేసరికి నలుపు తిరిగాయి. కొన్నింటి పైభాగంలో గొడుగు కింది రేకులు కాడ మీదికి జారుతూ వచ్చి ఆగాయి. చాలావాటి అడుగున మామిడి బెరడు ముక్కలు అంటుకునే ఉన్నాయి. లెన్సు పెట్టి చూస్తే రేకుల అంచు రంపపు పళ్లలా సన్నగా చీలి ఉంది. ఇది ఆయిస్టర్ కాదు, లెంటినస్ స్క్వారోసులస్. మన వేడి ప్రాంతాల్లో కూలిన మానుల మీద బాగా కనిపించే జాతి, లేతగా ఉన్నప్పుడు చాలాచోట్ల తింటారు. ఫొటోలో నేను చెప్పిన పేరు తప్పే. అయితే ఆ తప్పు వల్ల ఎవరికీ వాంతి కాదు.

మిగతా నాలుగు ముక్కలూ వేరే. జానెడు పొడవు కాడలు, నున్నగా, లోపల డొల్ల. వంచితే ఫట్‌మని విరిగాయి. అడుగున చిన్న ఎర్రగడ్డంత ఉబ్బు, దానికి ఎర్రమట్టి, ఆ మట్టిలో గరిక వేరు ఒకటి చిక్కుకుని. బెరడు పొట్టు కూడా లేదు. ఒక కాడకి చుట్టూ పొర ఉంగరంలా మిగిలి ఉంది, మందంగా, అంచు కొంచెం చీలి. గోటితో తోశాను. గాజు జరిగినట్టు కాడ మీద పైకీ కిందికీ జరిగింది.

ఉబ్బిన అడుగు, పైన ఉంగరం అనగానే ఎవరికైనా ముందు అమానిటా జ్ఞాపకం వస్తుంది, మరణాలు ఎక్కువగా దాని ఖాతాలోవే. అందుకని ఆ ఉబ్బు చుట్టూ మట్టిని నీళ్లచుక్కలతో, బ్రష్షుతో అరగంట సేపు కడిగాను. ప్రమాదకరమైన అమానిటాలకి అడుగున గుడ్డు పెంకు పగిలినట్టు ఒక సంచి మిగులుతుంది. ఇక్కడ సంచి లేదు, దాని చింపులు కూడా లేవు. ఆ నాలుగూ మట్టిలోంచి నిండుగా పీకినవి కావడం మా అదృష్టం. కత్తితో కోసి తెచ్చుంటే ఆ సంచి ఉందో లేదో నేలకే తెలిసేది.

పేపరు మడతలో ఇంకోటి దొరికింది. పురుగు పట్టిందని పారేసిన గొడుగు ముక్క, అరచేతిలో సగం. పైన తెలుపు మీద గోధుమ రంగు పొలుసులు. తిప్పి చూస్తే రేకులు పాచి పట్టిన సున్నపు గోడ రంగులో ఉన్నాయి. తెల్లటి గొడుగు, కింద పచ్చదనం. అప్పుడే నోటికి పేరొచ్చింది, కానీ ఒకసారి పెళ్లి పంక్తిలో నోటికొచ్చిన పేరు చెప్పి ఉన్నాను కదా. మైక్రోస్కోప్ తీశాను.

నీలం రంగు చూసి

రేకు అంచు గీకి స్లైడు మీద నీళ్లలో పెడితే బీజాలు (స్పోర్లు, గొడుగుకి విత్తనాల్లాంటివి) కనిపించాయి. గుడ్డు ఆకారం, మందపాటి గోడ, ఒక కొస చెక్కేసినట్టు మొండిగా, లేత పచ్చ ఛాయ. పది కొలిస్తే పొడవు 10, 11 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దగ్గర, వెడల్పు 7, 8 దగ్గర తేలింది. ఇంకో స్లైడు మీద మెల్జర్ ద్రావణం వేశాను. అది అయోడిన్, పొటాషియం అయొడైడ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి చేసేది. బీజాలు ఎర్రటి గోధుమ రంగుకి తిరిగాయి. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటీస్. గడ్డి నేలల్లో, తోటల్లో, పార్కుల్లో వానల తర్వాత మొలిచే పెద్ద తెల్ల గొడుగు. ప్రపంచంలో చాలాచోట్ల పుట్టగొడుగు తిని ఆస్పత్రికి పోయేవాళ్లలో చాలామంది తినేది దీన్నే. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో భయంకరంగా వాంతులు పట్టుకుంటాయి, ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణానికి ముప్పు రాదు. గడియారం చెప్పినదానికి సరిగ్గా సరిపోయింది.

8:45కి డాక్టరుకి చెప్పాను. "అయితే పొద్దున పంపించెయ్యొచ్చా?" అన్నారు. వద్దన్నాను. నేను చూసింది పారేసిన 31 ముక్కలు, ఒక గొడుగు. వాళ్ల కడుపులోకి పోయింది ఇంకా కూర డబ్బాలోనే ఉంది.

కూరలో వెతకడం అంటే నాకు ఎప్పుడూ విసుగే. నూనె, పసుపు, కారం. జల్లెడలో కడిగి, అడుగున తేరిన మడ్డిలోంచి చుక్క తీసి మెల్జర్ వేసి చూశాను. నిండా నీలం నలుపు గింజలు! ప్రాణం తీసే అమానిటాల బీజాలు ఈ ద్రావణంలో తిరిగే రంగు అదే. రెండు నిమిషాలు కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత పెద్ద లెన్సు కిందికి మార్చి చూస్తే వాటికి గోడ లేదు, బీజానికి ఉండే చిన్న ముక్కు లేదు, పరిమాణం ఒకటి చిన్నది, ఒకటి దానికి మూడింతలు. అదంతా పిండిపదార్థం. అయోడిన్ తగిలితే పిండి నీలమవుతుందని ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు. కుర్రాడికి ఫోన్ చేసి కూరలో ఏమేసిందిరా మీ చిన్నమ్మ అని అడిగాను. ఆస్పత్రి వరండాలోనే కనుక్కుని చెప్పాడు: చిక్కదనానికి పుట్నాల పొడి.

మళ్లీ మొదలు. ఈసారి పిండిగింజలు వదిలేసి బీజాలే చూసుకుంటూ, ఆరు స్లైడులు, రాత్రి పదకొండున్నర దాకా. మందపాటి గోడవి కనిపించాయి, క్లోరోఫిల్లమ్. సన్నటి పొడుగాటివి కనిపించాయి, లెంటినస్. గోడ ఉండి నీలం తిరిగినది ఒక్కటీ కనిపించలేదు. ఇంత చూసినా "లేవు" అని రాయలేదు, "నేను చూసినదాంట్లో కనిపించలేదు" అని రాసి పంపాను. పరీక్షలు మూడు రోజులు చేయించమని కూడా.

మాను దగ్గర

సోమవారం పొద్దున తోటకి పోయాను. ముప్ఫై ఏళ్లు పైబడిన తోతాపురి చెట్టు. మే నెల గాలివానకి, కాపు మీదుండగా వేర్లతో సహా ఒరిగిపోయిందట. గాలి తోసింది నిజమే గానీ అంతకు ముందే చెట్టు పని అయిపోయింది. మొదలు దగ్గర చెక్కని కుళ్లబెట్టే గనోడెర్మా అనే శిలీంధ్రం ఉంది, వార్నిష్ పూసిన చెక్కలాంటి ఎర్రటి అర, అంచు మాత్రం తెల్లగా. దాని కింద పడిన ఆకుల మీద కోకో పొడి చల్లినట్టు బీజాల దుమ్ము. వేరు విరిగినచోట చెక్క తెల్లబారి, నానిన పీచులా చేత్తో లాగితే ఊడొస్తోంది. చెక్కకి గట్టితనమిచ్చే లిగ్నిన్‌ని ఈ రకం తినేస్తుంది. పక్క చెట్ల మొదళ్లు కూడా చూసుకోమని చెప్పి వచ్చాను. వాళ్లు అడగని సలహా అది, కానీ తోట వాళ్లకి వాంతుల కన్నా అదే పెద్ద నష్టం.

మాను పొడవునా ఎవరి జాగా వాళ్లది. ఎండ తగిలే కొమ్మల మీద నారింజ ఎరుపు పిక్నోపోరస్. సన్న కొమ్మల నిండా షైజోఫిల్లమ్ కమ్యూన్, గోటి నుంచి బొటనవేలు దాకా సైజులో, పైన బూడిద నూగు, కింద రేకులు నిలువునా రెండుగా చీలి. ఎండితే ముడుచుకుని, వాన పడగానే విచ్చుకుంటుంది. మణిపూర్‌లో దాన్ని కంగ్లాయెన్ అని ఇష్టంగా వండుకుంటారు, ఇక్కడ మేకలు కూడా చూడవు. మాను కింది నీడలో నల్లటి చెవి తమ్మెల్లాంటి ఆరిక్యులేరియా. నడుం భాగంలో గుత్తులుగా మన లెంటినస్. కొన్ని కోసి ఉన్నాయి, తెల్లటి గాయాలు ఇంకా ఆరలేదు.

మానుకి అటుపక్క, బెత్తెడు దూరంలో గడ్డిలో, క్లోరోఫిల్లమ్. ఒకటి పళ్లెమంత విచ్చుకుంది, రెండు ఇంకా డోలు కర్రల్లా ముడుచుకుని ఉన్నాయి. పైనుంచి చూస్తే మాను మీదవీ నేల మీదవీ ఒకే తెలుపు, ఒకే కుదురు. వంగి గడ్డి తప్పిస్తేనే తేడా. ఇంకొంచెం దూరం నడిచి చూస్తే మానుకి ఇటుపక్క కూడా రెండున్నాయి. అటువీ ఇటువీ కలుపుకుంటూ గీత గీస్తే ఒక వలయం. ఈ జాతి నేలలో వలయంగా పాకుతుంది. మాను పోయి సరిగ్గా ఆ వలయం మీద పడింది, అంతే. దానికీ ఈ గొడుగులకీ ఏ సంబంధమూ లేదు.

ఊళ్లో మాట ఇంకోలా ఉంది. మాను మీద మొలిచేది మంచిది, మట్టిలోది కుక్కగొడుగు అని. చిన్నమ్మకి ఆ మాట తెలుసు. ఆమె దృష్టిలో ఆ పెద్దవి కూడా "మాను కాడివే", పైగా మేడమ్ ఫొటో చూసి తినొచ్చంది. ముందు జాగ్రత్తగా వెల్లుల్లిపాయ వేసి ఉడికించి చూసిందట, నల్లబడలేదు. వెల్లుల్లి, వెండి చెంచా, బియ్యం, ఏదీ పుట్టగొడుగు విషాన్ని పట్టలేదు. ఆ మాను మాట కూడా నిలవదు. గలెరీనా మార్జినాటా అనే చిన్న గోధుమ రంగు గొడుగు చలి దేశాల్లో కుళ్లిన మానుల మీదే మొలుస్తుంది, అందులో ఉండేది అమటాక్సినే. మనం వాన కాలమంతా ఎదురుచూసే అసలు పుట్టగొడుగు మాత్రం చెదపుట్ట మట్టిలోంచే వస్తుంది.

తోటలోంచి రెండు జాతులూ తెచ్చి రాత్రి బీజాల అచ్చు వేశాను. సగం తెల్ల కాగితం, సగం నల్ల చార్టు అతికించి, కాడ తీసేసిన గొడుగుని రెండింటి మీదా పడేట్టు బోర్లించి, పైన గాజు గిన్నె మూయడమే. పొద్దున లేచి చూస్తే క్లోరోఫిల్లమ్ కింద రేకు రేకుకీ గీత పడి, ఎండు గోరింటాకు పొడి రంగు అచ్చు. మైక్రోస్కోప్ లేని ఇంట్లో కూడా ఈ ఒక్క రంగు చూసి ఆ కూర ఆపొచ్చు. లెంటినస్ అచ్చు తెలుపు, నల్ల సగం మీదే కనిపించింది. తెలుపు వస్తే మంచిదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ప్రాణం తీసే అమానిటాల అచ్చు కూడా తెలుపే. అచ్చు దోషిని పట్టిస్తుంది గానీ మిగతావాళ్లని విడిపించదు.

తర్వాత

వాంతులు ఆదివారం అర్ధరాత్రికి తగ్గాయి. చిన్నాయన రెండోసారి వడ్డించుకుని తిన్నా చిన్నమ్మకే ఎక్కువ బాధ. ఈ జాతిలో అది మామూలే, ఒకే కూర ఒకరిని పడేస్తుంది, ఒకరిని వదిలేస్తుంది. మూడు రోజుల కాలేయం పరీక్షలూ మామూలుగా వచ్చాయి. బుధవారం సాయంత్రం ఇంటికి పంపారు.

నా పాత మెసేజ్ తుడిచెయ్యలేదు. దాని కిందనే ఇంకోటి పెట్టాను, తప్పు ఎక్కడుందో చెబుతూ. ఫొటోలో ఉన్న గుత్తిని చూసి నేను జవాబిచ్చాను. చదివినవాళ్లు ఆ మానుకంతటికీ జవాబనుకున్నారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పు లేదు, నేనే "ఈ గుత్తి" అని రాయలేదు. ఇప్పుడు ఎవరు ఫొటో పంపినా నాలుగు ఫొటోలు అడుగుతున్నాను: పైన, కింద రేకులు, పక్కనుంచి కాడ, వేళ్లతో తవ్వి తీసిన అడుగు. అడుగు పంపనివాళ్లకి పేరు చెప్పడం మానేశాను. కొందరికి కోపం వస్తోంది. తినొచ్చా అన్నదానికైతే ఫోన్లో ఇక జవాబే లేదు.

తోటకి వెళ్లిన రోజు సంగతి ఒకటి మిగిలింది. కుర్రాడి అవ్వ ఆ కూర తినలేదు. ఎందుకని అడిగితే, "ఉంగరం ఉండే గొడుగు మా అమ్మ వండేది కాదు" అంది. ఎందుకు వండేది కాదో అవ్వకి తెలీదు. ఉంగరం లేని విషపు గొడుగులున్నాయి, వానకి ఉంగరం రాలిపోయినవీ ఉన్నాయి, కాబట్టి ఆ నియమాన్ని నేను ఎవరికీ చెప్పను. ఆ రోజు మాత్రం అది పనిచేసింది. కోడలు తన మాట వినలేదని అవ్వ కోపం ఇంకా పోలేదు.

బయల్దేరుతుంటే మాను నడుం వైపు చూపించి, "ఇవైతే తినచ్చు గదమ్మా?" అంది.

"లేతవి తింటారవ్వా."

"నువ్వు తింటావా?"

ఆ రెంటికీ తేడా అవ్వకి బాగానే తెలుసు. నేను నవ్వేసి ఊరుకున్నాను. అవ్వ మాను దగ్గరికి పోయి వంగి, కత్తి పెట్టకుండా, ఒక్కో కాడనీ మెలితిప్పి అడుగున బెరడు ముక్కతో సహా పీకి, గుప్పెడు తీసి టేకాకులో చుట్టి నా చేతిలో పెట్టింది.